మొగులయ్య కొట్టిన బంతి

ఆదివారం పొద్దున లాల్‌దర్వాజా గల్లీలోని మొగులయ్య ఇంట్లో ముందు ఫోను మోగుతుంది, ఆ తరువాతే కుక్కరు కూస్తుంది. ఫోను చేసేది ఫలక్‌నుమాలో మిద్దె మీద పావురాలు పెంచుకునే జుల్ఫికర్. అతనికి కబురు తెచ్చేది పావురాలు.

"ఎక్కడుంది భాయ్?" అంటాడు మొగులయ్య, మంచీచెడ్డా ఏమీ అడక్కుండా.

"శాలిబండ దాటిందన్నా. చంద్రాయణగుట్ట దిక్కు జరుగుతుంది. నా తెల్ల జోడి ఇప్పుడే దానిమీద కూసొని దమ్ము తీసుకొని వచ్చినయ్."

అంతే మాట. మొగులయ్య టోపీ పెట్టుకుంటాడు. ఆయన భార్య ఆగమ్మ పులిహోర డబ్బా మూత బిగించి సంచిలో పెడుతుంది. కూతురు రూప స్కూటీ బయటికి తీస్తుంది. ఆ దిక్కున ఏ గ్రౌండులో ఫుట్‌బాల్ ఆట ఉందో కనుక్కొని తండ్రీకూతుళ్లు బయల్దేరతారు. రూపకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆదివారమంటే ఇదే. అప్పట్లో తండ్రి సైకిల్ కడ్డీ మీద ఆమె కూర్చునేది. ఇప్పుడు ఆమె బండి వెనక తండ్రి కూర్చుంటున్నాడు.

గ్రౌండ్లంటే గొప్పవేం కావు. పెద్ద స్టేడియాల సంగతి టీవీ వాళ్లు చూసుకుంటారు. వీళ్లు పోయేవి చిన్న లీగు ఆడే గ్రౌండ్లు. ఒకచోట గోల్‌పోస్టులకు వెదురుబొంగులు, ఇంకోచోట నెట్టు బదులు పాత దోమతెర. ఒకసారి సగం గ్రౌండులో పెళ్లి షామియానా వేస్తే మిగతా సగంలోనే ఆట మొదలుపెట్టారు కానీ, బిర్యానీ వాసనకు ఎవరి కాళ్లూ ఆడక సున్నా సున్నాతో సరిపెట్టుకున్నారు. మరో గ్రౌండులో కార్నర్ జెండా దగ్గర ఎప్పుడూ ఒక బర్రె పడుకొని ఉంటుంది. దాన్ని లేపే మొనగాడు లేక కార్నర్ కిక్కు కాస్త ఇవతలనుంచే కొడతారు. చూడడానికి ఓ పాతికమంది వస్తే అక్కడ జాతర కిందే లెక్క.

మొగులయ్య మాత్రం ఆట చూడడు. నీడ వెతుకుతాడు. మట్టిమీద జొన్నరొట్టె అంత గుండ్రటి నీడ ఎక్కడో పడి ఉంటుంది. దాని పక్కన తుండుగుడ్డ పరుచుకొని కూర్చొని మెడ పైకెత్తుతాడు. నీడ జరిగితే తానూ జరుగుతాడు. గ్రౌండు మధ్యలోకి జరిగితే మధ్యలోనే కూర్చుంటాడు, ఆటగాళ్లు పక్కనుంచి తప్పుకొని ఆడతారు. కొత్తవాడెవడైనా విసుక్కుంటే పాతవాడు సర్దిచెబుతాడు. "మొగులన్న గదా. ఆయన ఆట గూడ నడుస్తుంది, జర సైసు, ఓపిక పట్టు."

ఆ ఆట మొదలైంది రూప పుట్టకముందు. మొగులయ్యకు అప్పటికి మీసం కూడా సరిగ్గా కుదురుకోలేదు. ఫలక్‌నుమాలో రైలు పట్టాల పక్క గ్రౌండులో చిన్న లీగు ఫైనల్ జరిగింది. లాల్‌దర్వాజా జట్టులో మొగులయ్య బ్యాకు. వెల్డింగు దుకాణంలో పొద్దంతా సుత్తి పట్టే మనిషి, కాలు కూడా సుత్తిలాగే ఉండేది. బార్కస్ జట్టు గోల్‌కీపర్ దస్తగీర్. ఎవరికీ గోల్ రాలేదు. పొద్దు వాలుతుండగా లాల్‌దర్వాజాకు ఫ్రీకిక్కు దొరికింది. మొగులయ్య నాలుగడుగులు వెనక్కి పోయి, ఉరికొచ్చి కొట్టాడు. బంతి లేచింది. అందరూ తలలెత్తారు. దస్తగీర్ చేతులు చాచి గోల్ లైను మీద నిలబడ్డాడు. బంతి ఇంకా పైకి పోయింది, చుక్కంతయింది, అక్కడే ఉండిపోయింది.

రిఫరీ వైకుంఠం ధర్మాత్ముడు. అప్పటికే టైము అయిపోయింది, విజిల్ ఊదేస్తే పీడా పోయేది. ఆయన ఊదలేదు. "గోల్ దిక్కు పోయిన బంతి గాల్ల ఉండంగ ఎట్ల ఊదుత? అది రిఫరీ పని గాదు. దిగనియ్యి, ఊదుత," అన్నాడు. చీకటి పడేదాకా నిలబడ్డాడు. మరుసటి రోజు మళ్లీ వచ్చాడు. ఆ తరువాత బతికినన్నాళ్లూ విజిల్ మెడలో వేసుకునే తిరిగాడు, పెళ్లిళ్లకూ దినాలకూ కూడా. చివరికి ఊదకుండానే పోయాడు.

ఊదలేదంటే ఆట అయిపోలేదనే. ఆట నడుస్తుండగా రిఫరీ సెలవు లేకుండా గ్రౌండు దాటడం తప్పు. బంతేమో పాతబస్తీ మీద తిరుగుతోంది. కాబట్టి ఇక శహరంతా గ్రౌండే, శహరం దాటకూడదని రెండు జట్లవాళ్లూ మాట అనుకున్నారు. కొన్నేళ్లు నిలబడ్డారు కూడా. తరువాత ఒకడు దుబాయ్ పోయాడు, ఒకడు అత్తగారి ఊరు చేరాడు, కొందరు ఎవరికీ చెప్పకుండా పైకే పోయారు. మాట మీద మిగిలింది ఇద్దరు. బంతిని కొట్టిన మొగులయ్య, పట్టాల్సిన దస్తగీర్. దస్తగీర్ ఇప్పుడు బార్కస్‌లో బండి మీద జామకాయలు అమ్ముతాడు. కాయల కిందే గోల్‌కీపర్ గ్లౌజులు ఉంటాయి.

"పేరుకు తగ్గట్టు మొగులు జూసుడే ఈయన పని," అంటుంది ఆగమ్మ. "పెండ్లిచూపులు గూడ మా ఊర్ల గాదు, గౌలిపురల మా చిన్నమ్మ ఇంట్ల పెట్టిచ్చిండు. వచ్చి నన్నేమన్న జూసిండా? వాకిట్ల నిలబడి ఆకాశం జూసిండు. వాన కోసం జూస్తుండు, ఎవుసం తెలిసిన పిలగాడని మా నాయన మురిసిండు."

నవ్వుతూనే చెబుతుంది. కానీ నర్సాపూర్ దగ్గరి ఊళ్లో తన తల్లి పోయిన రోజు దాకా వచ్చేసరికి మాట ఆపేసి లోపలికి పోతుంది. ఆ రోజు మొగులయ్య బస్టాండు దాకా వచ్చాడు. టికెట్ తీసిచ్చాడు, కిటికీ దగ్గర సీటు చూసి కూర్చోబెట్టాడు, బస్సు కదులుతుంటే ఏడ్చాడు. ఎక్కలేదు.

ఆకాశం చూసే తండ్రి పక్కన పిల్ల ఎంతసేపని ఆకాశం చూస్తుంది? రూప నేల చూసింది. నేల మీద ఆట కనిపించింది. ఎక్కాలు రాకముందే ఆమెకు ఆఫ్‌సైడ్ వచ్చింది. ఎవడు నిజంగా పడ్డాడో, ఎవడు పడ్డట్టు నటించాడో వాడి మోచేయి చూసి చెప్పేది. పెద్దయ్యాక ఒక బళ్లో ఆటల టీచరయింది. మొన్న ఎండాకాలం రిఫరీ పరీక్ష పాసయింది. ఆ వార్త విని వైకుంఠం భార్య శారదమ్మ ఆమెను ఇంటికి పిలిచి బొట్టు పెట్టి, దేవుడి గూట్లోంచి తీసి మొగుడి విజిల్ చేతిలో పెట్టింది. "ఇది మామూలు ఆటలల్ల ఊదకు బిడ్డా. ఇది ఊదాల్సిన ఆట ఒకటి బాకీ ఉన్నది," అంది. రూప దాన్ని కళ్లకద్దుకొని జేబులో వేసుకుంది.

లైను పక్కన జెండా పట్టుకొని పరుగెత్తే ఆటలు కొన్ని చేసింది. వాటిలో ఒకటి రెండు తండ్రి కూర్చున్న గ్రౌండులోనే జరిగాయి. ఆట అయ్యాక చెమట తుడుచుకుంటూ వచ్చి "బాపూ, మంచిగ జేసిన్నా?" అని అడిగింది. "మంచిగనే ఉండె బిడ్డా. ఇయ్యాల గాలి లేకుండె, కదల్లే," అన్నాడు మొగులయ్య. ఆయన చెప్పింది బంతి సంగతి. రూప బండి స్టార్ట్ చేసింది.

పైగా ఆయన కళ్లు పాడవుతున్నాయి. సగం వెల్డింగు మంట, సగం ఎండలోకి చూపు. రెండు కళ్లకూ ఆపరేషన్ చెయ్యాలనీ, తరువాత కొన్నాళ్లు తల వంచుకొని నీడపట్టున ఉండాలనీ డాక్టరమ్మ చెప్పింది. "బంతి దిగినంక చేయించుకుంటనమ్మా," అన్నాడు మొగులయ్య. డాక్టరమ్మ కూడా శహరం మనిషే. "నిజమే గానీ, ఇంక ఆలస్యం జేస్తే అది దిగినా మీకు కనబడదు," అంది. మొగులయ్య తలూపి ఇంటికొచ్చేశాడు.

అట్లాంటి రోజుల్లో రూపకు మొదటిసారి పూర్తి రిఫరీగా మ్యాచ్ ఇచ్చారు. బార్కస్ గ్రౌండులో, ఆదివారం. ఇది సాఫీగా నడిపిస్తే జిల్లాల లీగుకు పంపుతామన్నారు. అంటే ఇక కరీంనగర్, ఖమ్మం, వరంగల్. తండ్రి కాలు పెట్టని చోట్లు. ఆయన చూపు పూర్తిగా పోకముందు, ఆమె శహరం దాటకముందు, బాపు తనను చూడడానికి మిగిలింది ఈ ఒక్క ఆదివారమే. రూప అన్నం తింటున్నా అదే ఆలోచన, బళ్లో పిల్లల చేత డ్రిల్లు చేయిస్తున్నా అదే ఆలోచన.

శనివారం సాయంత్రం దస్తగీర్ మోపెడ్ మీద వచ్చాడు. జామకాయల సంచి కింద పెట్టి, కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"అరే మొగులయ్యా, సున్! జుల్ఫికర్ మిద్దె మీదికెళ్లి చూసొచ్చిన. ఫలక్‌నుమల ఆగింది. మనం ఆడిన గ్రౌండ్ మీదనే! పొద్దటిసంది జరుగుత లేదు. నీడ అంచు జూస్తె కత్తెరతోని కత్తిరించినట్టున్నది. ఇన్నేండ్లల్ల గట్ల ఎప్పుడన్న జూసినమా? మిద్దె మీదికెళ్లి కుట్లు గూడ కనబడుతున్నయ్. రేపు పక్కా దిగుతది."

మొగులయ్య చాయ్ పక్కన పెట్టాడు. "పక్కానా?"

"అల్లా కసం."

రూప గడప దగ్గర కూర్చొని తడిగుడ్డతో బూట్లు తుడుస్తోంది. "రేపు బార్కస్‌ల నా మ్యాచ్ బాపూ," అంది తలెత్తకుండా.

"ఎర్కే బిడ్డా."

"సాయంత్రం పూట."

"బంతి గూడ సాయంత్రమే లేసింది. దిగితె గూడ గప్పుడే దిగుతది గావొచ్చు," అన్నాడు మొగులయ్య మెల్లగా.

రూప బూటు పక్కన పెట్టింది. "బాపూ, ఎన్ని గ్రౌండ్లు తిరిగినం మనం? ఎండలనక వానలనక నీ ఎన్క వచ్చిన, తరువాత నిన్ను ఎన్క కూసోపెట్టుకొని తిప్పిన. ఏనాడన్న ఏమన్న అడిగిన్నా? ఒక్కటే అడుగుత. ఒక్కసారి కిందికి జూడు. నీ కండ్లు ఉండంగనే నన్ను జూడు."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. దస్తగీర్ జామకాయలు తానే తెచ్చినట్టు కాక ఎవరో పెట్టిపోయినట్టు వాటివైపు చూడసాగాడు.

"కొట్టింది నేను గదా బిడ్డా," అన్నాడు మొగులయ్య. "కొట్టినోడు లేకుండ దిగితె ఎట్లుంటది? ఈ దస్తగీర్ ఒక్కడే నిలబడాల్నా? ఇన్నేండ్లు నిలబడి, ఆఖర్ల నేను ఇడిసిపెట్టిపోతె నన్నేమంటరు?"

అందులో తప్పుపట్టడానికేమీ లేదు. అదే రూపకు మరీ కోపం తెప్పించింది. తప్పు చేసే తండ్రి అయితే అరిచి కొట్లాడవచ్చు. మాట మీద నిలబడే తండ్రితో ఏం కొట్లాడుతుంది? బూట్లు తీసుకొని లోపలికి పోయింది.

ఆదివారం మధ్యాహ్నం దస్తగీర్ హారన్ కొట్టాడు. మొగులయ్య టోపీ పెట్టుకొని గడప దాకా పోయి, వెనక్కి వచ్చి, కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. "పైలం బిడ్డా. లొల్లి జేస్తె భయపడకు," అన్నాడు. మోపెడ్ ఫలక్‌నుమా వైపు తిరిగింది. రూప స్కూటీ వెనక సీటు మీద ఆ రోజు ఆగమ్మ కూర్చుంది. "నేను జూస్త పా," అంది. ఆమెకు ఫుట్‌బాల్ గురించి తెలిసిందల్లా అది గుండ్రంగా ఉంటుందని, ఒక్కోసారి దిగదని.

బార్కస్ గ్రౌండు నిండుగా ఉంది. అక్కడ ఆటంటే ప్రాణం పెడతారు. లుంగీలు కట్టుకున్న పెద్దమనుషులు కుర్చీలు తెచ్చుకొని మరీ కూర్చున్నారు. నల్ల చొక్కా, నల్ల నిక్కరు, మోకాళ్ల దాకా మేజోళ్లతో రూప మధ్యలోకి వస్తే ఒక కుర్రాడు ఈలవేసి "క్యా, మేడం రిఫరీ?" అన్నాడు. పక్కనున్న ముసలాయన వాడి నెత్తిన ఒకటి మొట్టాడు. "విజిల్ ఊదనీకి మూతి గావాలె. మీసం నక్కో, దాంతోని పని లేదు."

ఆట మొదలైంది. మొదట్లో అన్నీ చక్కగా సాగాయి. రూప బంతి వెంట పరుగెత్తింది, పడ్డవాళ్లను లేపింది, నోరుజారినవాడిని పిలిచి నెమ్మదిగా చెప్పింది. ఇంతలో ఫలక్‌నుమా వైపు ఆకాశంలో పావురాల గుంపు ఒకటి సుడి తిరిగింది. దిగుతోందేమో. బాపు ఎక్కడ నిలబడ్డాడో, ఏం చేస్తున్నాడో. ఆమె తల తనకు తెలియకుండానే పైకి లేచింది.

సరిగ్గా ఆ క్షణంలోనే ఎదుటి జట్టు బ్యాకు బార్కస్ పిల్లాడి కాలికి అడ్డంగా కాలు పెట్టాడు. వాడు బొక్కబోర్లా పడ్డాడు. రూప చూడలేదు. విజిల్ రాలేదు.

గ్రౌండంతా లేచి నిలబడింది. "రిఫరీ ఆకాశం జూస్తుంది!" అని ఎవరో అరిచారు. "మొగులయ్య బిడ్డ గదరా, ఇంకేం జూస్తది!" అని ఇంకెవరో అందుకున్నారు. నవ్వులు రేగాయి. రూపకు చెవులు కాలిపోయాయి. చిన్నప్పటినుంచీ తాను ఏ చూపు మీద అలిగిందో ఆ చూపే ఇప్పుడు తన మెడకెక్కి కూర్చుంది. హాఫ్‌టైం దాకా ఎట్లాగో లాక్కొచ్చి, నీళ్ల సీసా కోసం తల్లి కూర్చున్న వైపు నడిచింది.

ఆగమ్మ పక్కన, సిమెంటు దిమ్మె మీద, మొగులయ్య కూర్చొని ఉన్నాడు.

టోపీ ఒళ్లో ఉంది. బట్టలకు ఆటో దుమ్ము ఉంది. తల కిందికే ఉంది, కళ్లు చిట్లించి గ్రౌండు వైపే చూస్తున్నాడు. రూప దగ్గరికొచ్చి నిలబడింది.

"బంతి?" అంది.

"ఆడనే ఉన్నది. నా కాళ్లమీదనే పడ్డది నీడ. చెయ్యి చాపితె అందేటట్టు అనిపించింది." మొగులయ్య ఒళ్లోని టోపీ అటూఇటూ తిప్పాడు. "ఆడ నిలబడ్డంక సమజైంది బిడ్డా. కొట్టినోని పని కొట్టంగనే అయిపాయె. అటెన్క పట్టేటోని పని. గోల్‌కీపర్ ఉండాలె, దస్తగీర్ ఉన్నడు. నేను పోతరా అన్న. 'జల్దీ జా, బేటీ ఎదురుచూస్తుంది' అన్నడు. వాడే ఆటో ఎక్కిచ్చిండు."

"బాపూ, నేను కనబడుతున్ననా?"

"నల్ల అంగీ ఉరుకుతుంటె కనబడుతుంది. మిగిలింది నీ విజిల్ జెప్తుంది." ఆయన మొహంలో చిన్న నవ్వు కదిలింది. "నేను ఆటో దిగంగ లొల్లి లేసింది. విజిల్ రావాల్సిన తాన రాలే."

"నేను పైకి జూసిన బాపూ."

"నేను జూసింది చాలు మన ఇంటికి. నువ్వు కిందికి జూడు."

రెండో సగంలో రూప మళ్లీ తల ఎత్తలేదు. ఆకాశం ఊడిపడ్డా సరే అన్నట్టు ఆడించింది. ఆఖర్లో బార్కస్ బ్యాకు గోల్ ముందు చేత్తో బంతిని ఆపాడు. బార్కస్ గ్రౌండులో, బార్కస్ జనం ముందు, బార్కస్ మీద పెనాల్టీ ఇవ్వడమంటే మాటలు కాదు. ఆమె విజిల్ ఊది పెనాల్టీ చుక్క వైపు చెయ్యి చూపించింది. లొల్లి పుట్టింది, కుర్చీలు కదిలాయి. చేయి దించకుండా నిలబడింది. "చేతికి తాకింది, నేను జూసిన," అన్నది ఒక్కటే మాట. అంత గోలలోనూ దిమ్మె మీదినుంచి ఒక గొంతు వినిపించింది. "జూసింది! నా బిడ్డ జూసింది!" పెనాల్టీతో బార్కస్ ఓడిపోయింది. అయినా ఆట ముగిశాక, ఇందాక కుర్రాడిని మొట్టిన ముసలాయనే వచ్చి, "సహీ ఇచ్చినవ్ బేటీ," అని జామకాయ చేతిలో పెట్టి పోయాడు.

జనం ఇంకా కదల్లేదు, గేటు దగ్గర మోపెడ్ చప్పుడైంది. దస్తగీర్ వచ్చాడు. రెండు చేతులకూ గ్లౌజులు. కాళ్ల మధ్య జామకాయల బుట్ట, బుట్టలో బంతి. నల్లబడి, ఎండకు పగుళ్లు పోయి, పావురాల రెట్టతో సున్నం కొట్టినట్టుంది. కుట్లలో గూటిపుల్లలు ఇరుక్కొని ఉన్నాయి. జనం పక్కకు జరిగి దారిచ్చారు.

దస్తగీర్ నేరుగా మొగులయ్య ముందుకొచ్చి నిలబడ్డాడు.

"గోల్ అయింది మొగులయ్యా," అన్నాడు. "నా చేతులల్లకెళ్లి జారి లోపల పడ్డది. నువ్వు గెలిచినవ్. ముబారక్."

మొగులయ్య లేచాడు. "ఎవరు జూసిండ్రు?"

"ఎవ్వరు లేరు. జనం చాయ్‌కి పోయిండ్రు. జుల్ఫికర్ చెదిరిన పావురాల ఎన్క ఉరికిండు. నేను చెప్తున్న గదా, అయింది. గెలిచినవ్, బస్."

మొగులయ్య చేతులు చాచి దస్తగీర్‌ను దగ్గరికి తీసుకోబోయాడు. అరచెయ్యి ఛాతీకి తగలగానే ఆగిపోయాడు. వేళ్లకు ఏదో పొడిపొడిగా అంటింది. కళ్లకు దగ్గరగా పెట్టుకొని చూశాడు, వాసన చూశాడు. దస్తగీర్ నీలం జుబ్బా మీద, సరిగ్గా గుండెల దగ్గర, తెల్లటి గుండ్రటి మరక ఉంది. రూపకూ కనిపించింది, అందరికీ కనిపించింది.

"దస్తగీర్, గోల్‌ల పడ్డ బంతికి నీ ఛాతీ మీద ఏం పనిరా?"

దస్తగీర్ జుబ్బా దులుపుకోబోయాడు. మొగులయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"పట్టినవ్! నా కొడుకా, పట్టినవ్! గంత ఎత్తునుంచి వచ్చిన దాన్ని గుండెకద్దుకొని పట్టి, గోల్ అయిందని నాకు చెప్తవా?"

"నువ్వు ఇన్నేండ్లు మెడ ఎత్తుకొని తిరిగినవ్ రా," అన్నాడు దస్తగీర్, కళ్లు తుడుచుకుంటూ. "బేటీ కోసం ఇడిసిపెట్టి వచ్చినవ్. నీకు గోల్ అయితె ఏం పోతది? జానే దో."

"జానే దో లేదు, గీనే దో లేదు. గిసొంటి పట్టు పట్టినంక ఎవ్వరు జూడకపోతె ఎట్లరా? ఎట్ల పట్టినవో చూపియ్యి. అందరి ముంగట చూపియ్యి."

ఎవ్వరూ చూడకపోతే ఎట్లా అన్న మాట బాపు నోట వస్తుందని రూప ఏ రోజూ అనుకోలేదు.

దస్తగీర్ సిగ్గుపడుతూనే గోల్ లైను మీదికి పోయాడు. ముందు ఎట్లా నిలబడ్డాడో చూపించాడు. బంతి పావురాలను విదిలించుకొని ఎట్లా వచ్చిందో చేత్తో గీశాడు. ఎడమకు రెండడుగులు వేసి, మోకాళ్లు టకటకమంటుండగా లేచి, గాలిని పట్టుకొని, గుండెకు హత్తుకొని, మట్టిలో పడి దొర్లాడు. కుర్చీల మీదున్నవాళ్లంతా లేచి చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది మొగులయ్య. చివరికి దస్తగీర్‌ను లేపడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చింది.

అప్పుడు ఇద్దరు ముసలివాళ్లూ రూప వైపు తిరిగారు.

ఆమె జేబులోంచి శారదమ్మ ఇచ్చిన విజిల్ తీసింది. "గోల్ లేదు. సున్నా సున్నా," అంది. ఊదింది. గాలి తప్ప ఏమీ రాలేదు. లోపలి బెండు ముక్క ఎన్నేళ్లనుంచో అతుక్కుపోయి ఉంది. అరచేతిలో రెండుసార్లు కొట్టి, ఊపిరి నిండా తీసుకొని మళ్లీ ఊదింది.

విజిల్ పలికింది. సన్నగా మొదలై, పొడుగ్గా సాగింది. దుబాయ్‌లో ఉన్న ఆనాటి ఆటగాడు ఆ సాయంత్రం డ్యూటీలో ఉండగానే కుర్చీలో కూలబడి పిక్కలు పిసుక్కున్నాడని తరువాత ఫోన్లో తెలిసింది. బార్కస్‌లో మాత్రం, దస్తగీర్ గ్లౌజులు విప్పాడు. మొగులయ్య మెడలో ఏదో కలుక్కుమంది. గడ్డిలో కూర్చొని, కాళ్లు బారచాపి, ఆట ముగిసిన ఆటగాడు కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఆగమ్మ పులిహోర డబ్బా మూత తీసి అందరి మధ్యా పెట్టింది.

"ఇగ మా ఊరికి వస్తవా?" అని మెల్లగా అడిగింది మొగుణ్ణి.

"రేపే పోదాం పా," అన్నాడు మొగులయ్య.

నిజంగానే పోయారు. ఆగమ్మ తల్లి ఫోటో ముందు మొగులయ్య చాలాసేపు తల వంచుకొని కూర్చున్నాడు. తిరిగొచ్చాక కళ్ల ఆపరేషన్ చేయించుకున్నాడు. తల వంచుకొని ఉండమంటే, అది కష్టమేమీ కాదన్నాడు. బంతిని జుల్ఫికర్ తీసుకుపోయాడు. పావురాలు దమ్ము తీసుకునే చోటు లేక అల్లాడుతున్నాయట. మిద్దె మీద పొడుగాటి కట్టె చివరన బిగించాడు. ఆదివారం పొద్దున లాల్‌దర్వాజా ఇంట్లో ఇప్పుడు ముందు కుక్కరే కూస్తుంది.

రూపకు జిల్లాల లీగు వచ్చింది. మొదటి ఆట కరీంనగర్‌లో. అక్కడిదీ చిన్న గ్రౌండే, గోడ అవతల వరిపొలం, గోల్ వెనక తుమ్మచెట్టు. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ముసలాయన ఒకడు భార్యను వెంటబెట్టుకొని ముందు వరసలో కూర్చున్నాడు. ఆట మొదలైనప్పటినుంచీ రెప్ప వెయ్యలేదు. కొంతసేపటికి ఒక్కసారిగా లేచి, తుండుగుడ్డ గాల్లో తిప్పుతూ అరిచాడు.

"ఆఫ్‌సైడ్! ఆఫ్‌సైడ్! ఏం రిఫరీవమ్మా, కండ్లు లేవా?"

పక్కనున్న మనిషి చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. "జర సైసు పెద్దాయనా. ఎవల్ని అంటున్నవో ఎర్కేనా?"

"నా బిడ్డనే," అన్నాడు మొగులయ్య. "అయినా ఆఫ్‌సైడే."

అది ఆఫ్‌సైడ్ కాదు. రూపకు అరుపు వినిపించింది, ఎవరిదో తెలిసింది. నవ్వు మొహానికి రాకుండా విజిల్‌ను పెదాల మధ్య బిగించి, బంతి వెంట పరుగెత్తింది.